ఏ ఊరి సంఘం ఇది?

నా దగ్గరున్న రికార్డుల్లో ముప్పాతిక వంతు ఎవరో ఒకరు ఊరు వదిలిపోతూ అమ్ముకున్నవే. డెబ్బైల్లో నేరేడ్‌మెట్ అంటే వచ్చేపోయేవాళ్ల ఊరు. ఇటు ఆర్మీ ఆర్డ్‌నెన్స్ కోర్ సెంటర్, అటు తిరుమలగిరిలో ఆర్మీవాళ్లదే ఈఎంఈ సెంటర్. బదిలీ ఆర్డరు చేతికందిందంటే వారం తిరక్కుండా ఇల్లు ఖాళీ అయ్యేది. ట్రంకుపెట్టెల్లో పట్టని సామానంతా వాకిట్లోకొచ్చేది. నవారు మంచాలు, పిల్లల సైకిళ్లు, కిరసనాయిలు స్టవ్వులు, వాటి మధ్య ఎప్పుడైనా ఒక రికార్డు ప్లేయరు. లేబుళ్ల మీద వాళ్లు సిరాతో రాసుకున్న పేర్లు ఇప్పటికీ చెరగలేదు. ఒకదాని మీద పంజాబీ పేరు, ఒకదాని మీద కూర్గు పేరు. వాళ్లెవరో, ఇప్పుడెక్కడున్నారో నాకు తెలియదు. వాళ్ల పాటలు మాత్రం యాభై ఏళ్లుగా నా ఇంట్లో ఉన్నాయి.

ఆ పాటల్లో నేను ప్రాణం పెట్టుకున్నవి అమెరికా నల్లవాళ్ల సోల్ పాటలు. సికిందరాబాద్‌లో ఒక తెలుగు బాప్టిస్టు నర్సమ్మకి డెట్రాయిట్ పాటలతో, మెంఫిస్ పాటలతో ఏం పని అని అడిగినవాళ్లు చాలామందే. డ్యూటీలో తోటి సిస్టర్లు అడిగారు, చర్చిలో పెద్దలు అడిగారు, పెళ్లయ్యాక అత్తగారు అడిగింది. అప్పుడు చెప్పలేకపోయిన జవాబు ఇది.

నాన్న ఒంగోలు దగ్గర పల్లె నుంచి ఫౌజులో చేరినవాడు. ఆర్డ్‌నెన్స్‌లో సామాను లెక్కలు రాసే క్లర్కు. 1971 యుద్ధం అయిన మరుసటేడు రిటైరై నేరేడ్‌మెట్‌లో రెండొందల గజాల జాగా కొని రెండు గదులు వేశాడు. చుట్టూ బండరాళ్లు, సీతాఫలం పొదలు. సఫిల్‌గూడ వైపు నుంచి మీటరుగేజి బండి కూత రాత్రిపూట పక్కవీధిలోంచి వచ్చినంత దగ్గరగా వినబడేది. ఫియెస్టా అనే హెచ్‌ఎంవీ రికార్డు ప్లేయరు, చేత్తో మోసుకెళ్లే చిన్నది, బదిలీ మీద వెళ్తున్న ఒక సుబేదారు గారింట్లో కొన్నాడు. ఎంతకు కొన్నాడో గుర్తు లేదు. కాసేపు ఆడితే అందులోంచి వచ్చే వేడి రబ్బరు వాసన గుర్తుంది. ఇప్పటికీ ఏ పాత ప్లేయరు మూత తెరిచినా ముందు ముక్కుతోనే పలకరిస్తాను.

ఆ పెట్టెను నాయనమ్మ మొదట్నుంచీ అనుమానంగానే చూసింది. ఆమె కోసం నాన్న క్రైస్తవ గీతాల ఈపీ ఒకటి తెచ్చాడు. ఆదివారం మధ్యాహ్నం అన్నాలయ్యాక అది వినేది. మిగతావన్నీ ఆమె లెక్కలో లోకపు పాటలు. పక్కింట్లో తెల్లవారుజామున ఘంటసాల భగవద్గీత పెట్టేవాళ్లు. ఘంటసాల 1974 ఫిబ్రవరిలో పోయాక ఆ రికార్డు మోగని వీధి లేదు. దాన్ని మాత్రం నాయనమ్మ లోకపు పాట అనేది కాదు. "బత్తిగా పాడాడు పాపం" అనేది.

మా వీధి చివర ఒక ఆంగ్లో ఇండియన్ కుటుంబం అద్దెకుండేది. అంకుల్ గూడ్సు బండి గార్డు. ఆయనతో పనిచేసేవాళ్లంతా లాలాగూడ, మెట్టుగూడ క్వార్టర్లలో ఉంటే ఈయన ఎందుకో ఇంత దూరం వచ్చి ఉండేవాడు. ఆంటీ నాకు ఇంగ్లిష్ చెప్పేది. చెప్పడమంటే, శనివారం సాయంత్రం వంటింట్లో ఆమె పని చేసుకుంటూ మాట్లాడుతుంటే నేను స్టూలు మీద కూర్చుని వినడం. కొబ్బరిపాలతో పసుపన్నం వండేది, దాన్లోకి ఖైమా ఉండల కూర. ఆ కూర వాసన, ఎర్రగచ్చుకు పట్టించిన పాలిష్ వాసన కలిసి ఉండేవి ఆ ఇంట్లో. ముందుగదిలో రికార్డులు ఆడుతూనే ఉండేవి. జిమ్ రీవ్స్ ఎక్కువ. ఆ రోజుల్లో సికిందరాబాద్‌లో జిమ్ రీవ్స్ లేని ఆంగ్లో ఇండియన్ ఇల్లు నేను చూడలేదు. క్లిఫ్ రిచర్డ్, ఎల్విస్. నాకవి బాగానే ఉండేవి. అంతకు మించి ఏమీ లేదు.

ఒక శనివారం వేరే పాట వచ్చింది. నల్ల లేబుల్ మీద టామ్లా మోటౌన్ అని ఉంది. కలకత్తా దగ్గర మన హెచ్‌ఎంవీ వాళ్ల దమ్‌దమ్ ఫ్యాక్టరీలో అచ్చయిన నలభై అయిదు స్పీడు రికార్డు. సుప్రీమ్స్ అనే అమ్మాయిల బృందం పాడిన 'యూ కాంట్ హర్రీ లవ్', 1966 నాటిది. ఆంటీ చేతిలో గరిటె అలాగే పట్టుకుని రెండు అడుగులు వేసింది. నేను ఆమె వైపు చూడలేదు. ఆ పాట వెనకాల ఆగకుండా మోగుతున్న దాన్ని వింటున్నాను. అది నాకు తెలుసు. అది కంజీర. మా నాయనమ్మ కంజీర.

నిజానికి అది టాంబరీన్. మోటౌన్ పాటల్లో దాన్ని ఎక్కువగా మోగించింది జాక్ యాష్‌ఫర్డ్ అనే ఆయన అని చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. బెర్రీ గోర్డీ అనే ఆయన కార్ల ఫ్యాక్టరీలో పనిచేసి, ఇంటివాళ్ల దగ్గర 800 డాలర్లు అప్పు తీసుకుని 1959లో ఆ కంపెనీ పెట్టాడని, డెట్రాయిట్‌లో ఒక మామూలు ఇల్లే వాళ్ల స్టూడియో అని, అక్కడ వాయించేవాళ్లను ఫంక్ బ్రదర్స్ అనేవారని, ఎన్ని హిట్లు వాయించినా 1971 దాకా రికార్డు అట్ట మీద వాళ్ల పేర్లే వేయలేదని, ఇవన్నీ కూడా తర్వాత తెలిసినవే. ఆ రోజు తెలిసింది ఒక్కటే. మా ప్రార్థన కూటంలో వినబడే మోత ఈ ఇంగ్లిష్ పాటలో ఉంది.

ఆ సంగతి నేను ఆంటీకి చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో చెప్పడానికి ఇప్పుడు కూడా గొంతులో ఏదో అడ్డం పడుతుంది. నాకప్పుడు పదిహేను పదహారేళ్లు. కాన్వెంటు స్కూలు. గురువారం రాత్రి మా ఇంట్లో కూటం జరిగేది. ఒంగోలు నుంచి, కనిగిరి నుంచి వచ్చి ఇక్కడ కూలీనాలీ చేసుకునేవాళ్లు, ఫౌజులో చిన్న నౌకరీలు చేసేవాళ్లు చాపల మీద కూర్చునేవాళ్లు. నాయనమ్మ ఒక చరణం ఎత్తుకునేది. గదంతా అందుకునేది. ఆమె పైకి లాగేది, వాళ్లు కిందికి దించేవాళ్లు. కంజీర, తాళాలు, చప్పట్లు. మధ్యలో ఎవరో ఏడ్చేవాళ్లు. ఏడుపు కూడా పాటలోనే కలిసిపోయేది. నా స్కూలు స్నేహితురాళ్లు ఆ దారిన పోతూ వింటారేమోనని నేను లేచి కిటికీ మూసేదాన్ని. నాయనమ్మ చూసేది. ఏమీ అనేది కాదు. వీధి చివర ఇంట్లో అదే చప్పట్లు, అదే పిలుపూ బదులూ ఇంగ్లిష్‌లో వినబడితే మాత్రం కిటికీ దగ్గర చేరేదాన్ని.

1975 అనుకుంటాను, ఒక ఏడాది అటూ ఇటూ కావచ్చు, ఆంటీ వాళ్లు పెర్త్ వెళ్లిపోయారు. ఆస్ట్రేలియా తన తెల్లజాతి వలస విధానం ఎత్తేసిన రోజులవి. లాలాగూడలో ఇళ్లకిళ్లే ఖాళీ అవుతున్నాయని నాన్న చెప్పేవాడు. వెళ్లేముందు ఆంటీ నన్ను పిలిచి ఒక బిస్కట్ల అట్టపెట్టె చూపించింది. "జిమ్ రీవ్స్ నాతో వస్తాడు, ఈ అమ్మాయిలు నీ దగ్గరుంటారు" అంది. నాన్న డబ్బులిస్తే సగమే తీసుకుంది. ఆమె ముఖం ఇప్పుడు పూర్తిగా గుర్తు రావడం లేదు. ముంజేతి మీద పిండి గుర్తుంది.

గాంధీ ఆస్పత్రిలో ట్రైనింగయి స్టాఫ్ నర్సుగా చేరాక సొంత డబ్బుతో కొనడం మొదలుపెట్టాను. అప్పట్లో ఆస్పత్రి సికిందరాబాద్ స్టేషను దగ్గరే ఉండేది. నైట్ డ్యూటీ దిగి, చన్నీళ్లతో ముఖం కడుక్కుని, రాష్ట్రపతి రోడ్డు మీద షాపులు తెరిచేదాకా స్టేషనెదురుగా టీ తాగుతూ కూర్చునేదాన్ని. కొత్త ఎల్పీ కొనాలంటే జీతంలో ఆ చిల్లు కనబడేది. పాతవే దిక్కు. ఆదివారం ఎర్రగడ్డ సంతలో ఇనుప సామాన్ల పక్కన, గురువారం జుమేరాత్ బజారులో దొరికేవి. ఆడపిల్ల ఒక్కతే పాత సామాన్ల సంతలో గొంతుక్కూర్చుని రికార్డులు తిరగేస్తుంటే జనం చూసేవాళ్లు. చూడనిమ్మని ఊరుకునేదాన్ని.

చేతికి తీసుకోగానే ఏం చూడాలో ఎవరూ నేర్పలేదు, చేతులే నేర్చుకున్నాయి. ముందు రికార్డును కంటికి సమానంగా పట్టుకుని అంచు వంగిందేమో చూడాలి. మన మే నెల ఎండ ఎన్ని రికార్డులను చెడగొట్టిందో లెక్కలేదు. తర్వాత నడిమి బెజ్జం చుట్టూ లేబుల్ చూడాలి. రికార్డు పెట్టేటప్పుడు కడ్డీ తగిలి పడ్డ సన్నగీతలు ఎక్కువుంటే దాన్ని బాగా అరగదీశారని అర్థం. పైకి తళతళలాడుతున్నా కొనకూడదు. గీతలున్నా ఫర్వాలేదు, బూజున్నా ఫర్వాలేదు. బూజు పోతుంది. బ్యాటరీలో పోసే నీళ్లలో ఒక్క చుక్క సబ్బు కలిపి, మెత్తటి గుడ్డతో గాడుల వెంబడే తుడిచి, నీడన నిలబెట్టి ఆరబెడితే సరి. ముల్లు అరిగిపోతే మాత్రం వెంటనే మార్చాలి. అరిగిన ముల్లు పాటను చెక్కేస్తుంది. పాట ముగిసే చోట, లేబుల్‌కీ ఆఖరి గాడికీ మధ్య నున్నటి జాగాలో చెక్కిన అంకెలుంటాయి. అది ఏ అచ్చుదో ఆ అంకెలు చెబుతాయి. మద్రాసులో వి.ఎ.కె. రంగారావు గారు వేలకొద్దీ గ్రామఫోను రికార్డులు పోగుచేసి, ఆ అంకెలతో సహా పాటల పుట్టుపూర్వోత్తరాలు రాస్తారని ఎవరో చెబితే వెతికి చదివాను. మన భాషలో ఈ పిచ్చికి ఒక మర్యాద తెచ్చిన మనిషి ఆయన.

వార్డులో ఉండగా దొరికిన పాటలూ ఉన్నాయి. ఉస్మానియాలో చదవడానికి ఆఫ్రికా దేశాల విద్యార్థులు చాలామంది వచ్చేవాళ్లు. కెన్యా కుర్రాడొకడు కామెర్లతో మా వార్డులో చేరాడు. తెల్లవారుజామున మూడింటికి ఈల వేస్తున్నాడు. పక్క బెడ్డు వాళ్లు లేస్తారని కోప్పడదామని వెళ్లాను. అది ఓటిస్ రెడ్డింగ్ పాట చివర్లో వచ్చే ఈల. "డాక్ ఆఫ్ ది బే" అన్నాను. జ్వరంలోనూ ఆ పిల్లాడి ముఖం విచ్చుకుంది. ఓటిస్ ఆ పాట రికార్డు చేసిన కొద్ది రోజులకే 1967 డిసెంబరు 10న విమానం సరస్సులో కూలి పోయాడు, 26 ఏళ్లకే. పాట ఆయన పోయాక విడుదలై అమెరికాలో మొదటి స్థానానికి వెళ్లింది. ఈ సంగతులన్నీ నాకు చెప్పింది ఆ కుర్రాడే. డిశ్చార్జి అయిన నెలకు ఒక సంచి పట్టుకుని వచ్చాడు. అన్నీ అమెరికా అచ్చు నలభై అయిదులు. వాటికి నడిమి బెజ్జం మన రికార్డుల కన్నా బాగా పెద్దది, మా ప్లేయరు కడ్డీ మీద నిలవవు. పారేసిన ఎక్స్‌రే ఫిలిం గుండ్రంగా కత్తిరించి, నాలుగైదు పొరలు అంటించి, మధ్యలో చిల్లు పొడిచి బెజ్జంలో అమర్చాను. ఎవరిదో ఛాతీ ఎక్స్‌రే. దాని మీదే ఓటిస్‌ను, విల్సన్ పికెట్‌ను, పెర్సీ స్లెడ్జ్‌ను విన్నాను. పెర్సీ స్లెడ్జ్ పాటగాడు కాకముందు ఆస్పత్రిలో ఆర్డర్లీ అని తెలిసినప్పుడు మా వార్డుబాయ్‌లందరికీ ఆయన పాట వినిపించాను.

నాన్నకు నచ్చినవాడు బిల్ విథర్స్. తొమ్మిదేళ్లు అమెరికా నేవీలో చేసి, తర్వాత విమానాల్లో మరుగుదొడ్లు బిగించే ఫ్యాక్టరీలో పనిచేశాడని, పాట హిట్టయినా ముందు ఆ నౌకరీ వదల్లేదని చెబితే నాన్న తలూపాడు. "తెలివైనవాడు" అన్నాడు. మార్విన్ గే 1971లో చేసిన 'వాట్స్ గోయింగ్ ఆన్' ఎల్పీ గురించి కూడా చెప్పాను. వియత్నాం నుంచి తిరిగొచ్చిన తన తమ్ముడు చెప్పిన మాటల్లోంచి పుట్టిన పాటలవి. నాన్న అట్ట మీద వానలో తడుస్తున్న ఆ ముఖాన్ని చాలాసేపు చూశాడు. ఆ ఏడాది డిసెంబరులో ఆయనెక్కడున్నాడో, ఏం చూశాడో అడుగుదామనుకున్నాను. ఆయన లేచి మొక్కలకు నీళ్లు పోయడానికి వెళ్లాడు.

మా చర్చిలో మాత్రం ఇబ్బందే. రక్షణ పొందిన పిల్ల లోకపు పాటలు వినొచ్చా అని ఒక పెద్దాయన సూటిగానే అడిగాడు. ఆయనకు తెలియని విషయం, ఇదే ప్రశ్న ఆ పాటలు పాడినవాళ్లనూ తరిమిందని. శామ్ కుక్ పాస్టరు కొడుకు, సోల్ స్టిర్రర్స్ అనే భక్తిగీతాల బృందంలో గాయకుడు. మొదటి లోకపు పాట విడుదల చేసినప్పుడు సంఘంవాళ్లకు కోపం వస్తుందని డేల్ కుక్ అని పేరు మార్చుకున్నాడు. ఆ గొంతును పేరు దాచలేకపోయింది. రే చార్ల్స్ 1954లో ఒక భక్తిగీతం ఒరవడిలోనే ప్రేమపాట కట్టి విడుదల చేస్తే అపచారం అన్నారు. అల్ గ్రీన్ పేరుప్రతిష్ఠలు దండిగా ఉన్న రోజుల్లోనే 1976లో మెంఫిస్‌లో చర్చి పెట్టి పాస్టరయ్యాడు. వీళ్లెవరూ చర్చి వాకిలి దాటి దూరం పోలేకపోయారు. నేను మా పెద్దాయనకు ఇదంతా చెప్పలేదు. తలొంచుకుని నిలబడి, ఇంటికెళ్లి మళ్లీ పెట్టుకున్నాను.

డెబ్బైల చివర్లో ఇంగ్లండులో నర్సుగా ఉన్న మా పెద్దమ్మ కూతురు సెలవు మీద వస్తూ నాకోసం అరీతా ఫ్రాంక్లిన్ 'అమేజింగ్ గ్రేస్' తెచ్చింది. రెండు ఎల్పీల సెట్టు. 1972 జనవరిలో లాస్ ఏంజిలస్‌లోని ఒక బాప్టిస్టు చర్చిలో, రెండు రాత్రులు సంఘం ముందు పాడుతుండగా రికార్డు చేసింది. అరీతా తండ్రి డెట్రాయిట్‌లో పేరున్న బాప్టిస్టు బోధకుడు, ఆయన ప్రసంగాలు కూడా రికార్డులుగా అమ్ముడయ్యేవి. అప్పటికే దేశమంతా ఏలుతున్న గాయని తాను పుట్టిన పాటకు తిరిగొచ్చిన రాత్రులవి.

నాయనమ్మ చాప మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. ఆమెకు వినిపించాలని పెట్టలేదు. పెట్టి, చేతిలో అట్ట పట్టుకుని కూర్చున్నాను. అరీతా ఒక మాట అంటుంది, వెనక కాయిర్ అందుకుంటుంది, జనంలోంచి ఎవరో అరుస్తారు, ఇంకెవరో ఏడుస్తారు. నాయనమ్మ చేతులు ఆగాయి.

"ఏ ఊరి సంఘమే ఇది?"

"అమెరికా, నాయనమ్మా."

"కాదులే. దొరసానమ్మలు ఇట్టా పాడరు."

"వీళ్లు దొరసానులు కాదు. నల్లవాళ్లు. వీళ్ల పెద్దోళ్లు అక్కడ బానిసలు."

ఆమె ఆ పక్క అయిపోయేదాకా మాట్లాడలేదు. తర్వాత, "రెండోపక్క ఏముందో ఎయ్యి" అంది.

నాయనమ్మకు అక్షరం రాదు. ఆమె తాతలది ఒంగోలు ప్రాంతంలో మాదిగపల్లె. 1876 నుంచి 78 దాకా పట్టిన కరువులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలవలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని పల్లెల జనానికి కూలి ఇచ్చాడు. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్లలో తన తాత ఉన్నాడని నాయనమ్మ చెప్పేది. కాలవ తవ్వినప్పటి పాటలే మాటలు మార్చుకుని కూటాల్లోకి వచ్చాయని కూడా అనేది. అది ఎంతవరకు నిజమో నేను రుజువు చేయలేను, ఆమె పాడితే మాత్రం నమ్మబుద్ధయ్యేది. మా ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం ఉంది, ప్రతి పాట పైన రాగం, తాళం అచ్చేసి ఉంటాయి. పురుషోత్తమ చౌదరి లాంటి పండితకవులు రాసినవి, గొప్పవి. పల్లెలో ఆడవాళ్లు కూటంలో పాడేది అందులో కొంతే. మిగతాది వాళ్ల సొంతం. ఎవరో ఎత్తుకుంటారు, గుంపు బదులిస్తుంది, మాట అక్కడికక్కడ పుడుతుంది. పత్తిచేలలో వెట్టి చేసిన జనమూ, చెప్పులు కుట్టి ఊరి బయట బతికిన జనమూ ఒకరినొకరు ఎరగరు. వాళ్లిద్దరి పాట ఒకే రకంగా కట్టుబడి ఉండటం నాకు వింతగా తోచదు. పగలంతా నోరు విప్పనివ్వని వాళ్లకు రాత్రి కూటంలో దొరికే గొంతు ఎక్కడైనా అలాగే ఉంటుంది. సోల్ పాటలతో నీకేం పని అన్నవాళ్లకు నేను చెప్పాలనుకున్నది ఇదే.

నాయనమ్మ ఆ తర్వాత రెండు మూడేళ్లకే పోయింది. 1985 జులైలో కారంచేడు వార్త వచ్చేనాటికి లేదు. ఆ ఊరి మాదిగపల్లె మీద భూస్వాములు దాడి చేసి ఆరుగురిని చంపారు. పల్లె మొత్తం చీరాలకు తరలిపోయింది. అలా వెళ్లినవాళ్లలో నాన్నకు వరసకు చెల్లెలయ్యే ఆమె ఉంది. ఆమెను, ఇద్దరు పిల్లలను కొన్నాళ్లు మా ఇంట్లో ఉంచుకున్నాం. పెద్దపిల్ల నా రికార్డుల దగ్గర కూర్చుని అట్టల మీద బొమ్మలు చూసేది. "వీళ్లూ మనలాగే ఉన్నారే" అంది ఒకరోజు. నేను శామ్ కుక్ 'ఎ చేంజ్ ఈజ్ గొన్నా కమ్' పెట్టాను. 1963లో లూసియానాలో ఒక హోటలు వాళ్లు నల్లవాడని గది ఇవ్వకుండా పంపేశాక రాసిన పాట. నాన్న గుమ్మంలో నిలబడి మొత్తం విన్నాడు.

క్యాసెట్లు వచ్చాక రికార్డులు అమ్మేసేవాళ్లు ఎక్కువయ్యారు. నాకు పండగే కావాల్సింది గానీ, కాలేదు. తొంభైల్లో సంతలో రికార్డులు కిలోల లెక్కన దొరికాయి. దమ్‌దమ్‌లో కొత్తవి అచ్చేయడం ఆగిపోతూ వచ్చింది. ఇప్పుడు హోటళ్లలో గోడలకు అలంకారంగా మేకులు కొట్టి తగిలిస్తున్నారు. చూసినప్పుడల్లా ఆ గాడుల్లో ఎవరి గొంతుందో అని దగ్గరకెళ్లి చదువుతాను.

నేరేడ్‌మెట్‌లో బండరాళ్లు పోయాయి, మా రెండు గదుల చోట మూడంతస్తులు లేచాయి. క్రాస్‌రోడ్స్ దాటడానికి పావుగంట పడుతుంది. మనవరాలు ఫోనులో ఏ పాటయినా క్షణంలో తెస్తుంది. తనే నాకు 'అమేజింగ్ గ్రేస్' సినిమా చూపించింది. ఆ రెండు రాత్రులను సిడ్నీ పోలక్ అప్పుడే చిత్రీకరించాడు, క్లాప్ కొట్టకపోవడంతో బొమ్మకూ శబ్దానికీ పొంతన కుదరక నలభై ఆరేళ్లు పెట్టెల్లో ఉండిపోయింది. 2018లో బయటికొచ్చింది, అరీతా పోయిన ఏడాదే. ఇన్నేళ్లూ విన్న ఆ కేక ఎవరిదో మొదటిసారి చూశాను. ముందు వరసలో ఒక పెద్దావిడ లేచి నిలబడుతుంది, పక్కవాళ్లు పట్టుకుంటారు. మనవరాలిని ఆపమని మళ్లీ వేయించుకున్నాను.

అరీతా గొంతు నా దగ్గర నాలుగు అచ్చుల్లో ఉంది. మా నాయనమ్మ గొంతు ఒక్క క్షణం కూడా లేదు. ఎనభైల మొదట్లో టేప్‌రికార్డర్లు ఉన్నాయి, మాకు కొనే స్తోమత లేదు. ఇప్పుడు ప్రతి చేతిలో ఫోనుంది. ఒంగోలు, కనిగిరి, పొదిలి పల్లెల్లో, ఇక్కడ మల్కాజిగిరి, లాలాపేట బస్తీల్లో ఆ కూటం పాటలు వచ్చిన ముసలమ్మలు ఇంకా కొందరున్నారు. పుస్తకంలో లేని పాటలు పాడించుకోండి, ఎవరు ఎత్తుకున్నారో ఎవరు అందుకున్నారో పేర్లు చెప్పించుకోండి, ఊరు, తేదీ రాసి పెట్టండి. అటక మీద క్రైస్తవ గీతాల ప్లేట్లు, పల్లెపాటల ప్లేట్లు ఉంటే పాత సామాన్లవాడికి వేయకండి. ఒకదాని మీద ఒకటి పేర్చకుండా నిలబెట్టి, ఎండ తగలని చోట ఉంచండి. వినిపించే మిషను లేకపోతే మా ఇంటికి తీసుకురండి, కొత్త ముల్లు వేసి పెట్టాను.